కొడుకు జీతం, తండ్రి పింఛను

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. ఆ విషయమై నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు గనుక, నాకు ప్రతి శుక్రవారం ఎదురయ్యే సంగతి ఒకటి చెప్పుకుంటానని మనవి చేసి అనుమతి తీసుకున్నాను. జుమా నమాజు అయిన తరువాత మసీదు వరండాలో దరఖాస్తులు రాసిపెట్టే పని నాకు సొసైటీ అప్పగించి చాలా ఏళ్లయింది. వచ్చేవారిలో ఎక్కువమంది కాళ్లూ చేతులూ దెబ్బతిన్నవారు, చూపు పోయినవారు, పక్షవాతం వచ్చినవారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "సాబ్, నా కొడుకు కంపెనీల పనికి కుదిరిండు. ఇగ నా పింఛను పోతదా?"

ఒక తండ్రి ఈ మాట అడగటంలో ఎంత బాధ ఉన్నదో ఆలోచించండి. కొడుకు పనిలో చేరిన రోజు ఇంట్లో పాయసం వండుకోవాలి. ఆ రోజున తండ్రి భయపడుతూ నా దగ్గరకు వస్తున్నాడు.

మన హత్నూర మండలం సంగతి మీకు తెలియనిది కాదు. ఒకప్పుడు జొన్నలు, వరి పండించుకున్న ఊళ్లు మనవి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు పెరిగి పెరిగి, ఆ గొట్టాలూ రియాక్టర్లూ ఇటు గుండ్లమాచనూరు, బోర్పట్ల దాకా వచ్చాయి. వాటితోపాటు అన్నమూ వచ్చింది, ప్రమాదమూ వచ్చింది. 2024 ఏప్రిల్ 3న మన చందాపూర్‌లో రియాక్టర్ పేలినప్పుడు ఆ చప్పుడు విన్నవారు ఈ సభలో ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభైకి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవారి సంఖ్య పేపర్లలో వస్తుంది. చేతివేళ్లు పోయినవాడు, కన్ను పోయినవాడు, ఒళ్లు కాలి బతికి బయటపడ్డవాడు పేపర్లో ఒక్కరోజే ఉంటాడు. ఆ తరువాత ముప్పై ఏళ్లు ఇంట్లో ఉంటాడు. ఆ ఇంట్లో ఎవరితో ఉంటాడు? కొడుకులతో, కోడళ్లతో, పెళ్లికాని కూతుళ్లతో. మన ఇళ్ల పద్ధతే అది.

ఇప్పుడు ఒక భాయ్ కథ చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను, ఆయనను చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. 2012లో ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కింద పనిచేస్తుండగా ఆయన కుడిచెయ్యి బెల్టులో పడి నలిగిపోయింది. కాంట్రాక్టరు ఇరవై వేలు చేతిలో పెట్టి, ఆసుపత్రి బిల్లు కట్టి, "ఇక ఇంటికాడ ఉండు" అన్నాడు. ఈఎస్ఐ నంబరు లేదు, ప్రమాదం రిపోర్టు లేదు. అప్పటికి పెద్దకొడుకు ఎనిమిదో తరగతి. తల్లి బట్టలు కుట్టి పిల్లలను సాకింది. సదరం శిబిరంలో ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చారు, శాతం సరిపోయింది. కాని పింఛనుకు దరఖాస్తు పెట్టడానికి ఆయన ఆలస్యం చేశాడు. నామోషీ అనుకున్నాడు. ఇక పెట్టక తప్పదనుకునే నాటికి కొడుకు పెద్దవాడై, ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద 13,500 జీతానికి చేరాడు. పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికి పన్నెండు వేల లోపే వస్తుంది.

అర్జీ తిరిగొచ్చింది. కొడుకు ప్రైవేటు ఉద్యోగి అని కారణం చెప్పారు.

అక్కడ నిలబడ్డ ఎవరో ఒక పెద్దమనిషి ఉచిత సలహా పారేశాడు. "కొడుకును వేరు పెట్టు, దానంతట అదే వస్తుంది" అని. ఈ భాయ్ ఇంటికి వచ్చి కొడుకును పిలిచి, "బేటా, నువ్వు పటాన్‌చెరులో రూమ్ తీసుకో" అన్నాడు. కొడుకు ఏమంటాడు? తండ్రి మాట. భార్యను, మూడేళ్ల పిల్లవాడిని తీసుకొని నెలకు నాలుగు వేల కిరాయి గదికి పోయాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ మూడేళ్ల పిల్లవాడే తాతకు పొద్దున చొక్కా గుండీలు పెట్టేవాడు, వజూ చేసేటప్పుడు లోటాతో నీళ్లు పోసేవాడు. ఒక్క చేత్తో లుంగీ కట్టుకోవటం ఎంత కష్టమో రెండు చేతులున్న మనకు తెలియదు. ఆరు నెలలు గడిచాయి. కిరాయికి 24 వేలు పోయాయి. పింఛను రాలేదు.

ఎందుకు రాలేదు? ఇది తెలుసుకోవాలంటే రూల్ ఏమున్నదో చదవాలి. మనం రూల్ చదవం, రూల్ గురించి హోటల్లో విన్నది నమ్ముతాం. అదే మన జబ్బు.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛన్ల పథకం పెట్టింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులకు నెలకు 500 రూపాయలుండేది. ఆసరాలో 1,500 అయింది. 2019లో 3,016 చేశారు, 2023 జూలైలో 4,016 చేశారు. వైకల్యం 40 శాతం ఉండాలి, వినికిడి లోపమైతే 51 శాతం. వయసు పట్టింపు లేదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలియనిది దాని వెనుక పేజీలో ఉన్నది. ఆ 2014 నవంబరు మార్గదర్శకాలలో ఎవరికి ఇవ్వకూడదో ఒక పట్టిక ఉన్నది. మూడెకరాలకు మించి తరి, లేదా ఏడున్నర ఎకరాలకు మించి మెట్ట భూమి ఉన్న కుటుంబం అనర్హం. పిల్లలు ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, ప్రైవేటు రంగ, ఔట్‌సోర్సింగు, కాంట్రాక్టు ఉద్యోగాలలో ఉన్న కుటుంబం అనర్హం. పిల్లలు డాక్టర్లు, కాంట్రాక్టర్లు, స్వయం ఉపాధిలో ఉన్నవారు అయినా అనర్హం. రైస్ మిల్లు, పెట్రోల్ బంకు వంటి పెద్ద వ్యాపారమున్నా, నాలుగు చక్రాల బండి ఉన్నా అంతే. చివరన ఇంకొకటి: కుటుంబం బతికే తీరు, వృత్తి, ఆస్తులు చూసి విచారణ అధికారి అనర్హులని అనుకుంటే అదీ సరే.

ఈ మాటలు జాగ్రత్తగా వినండి. "పిల్లలు ఉద్యోగంలో ఉన్న కుటుంబం" అన్నారు. ఆ పిల్లలు అదే ఇంట్లో ఉండాలని అనలేదు, వేరే ఉంటే ఫరవాలేదని అంతకన్నా అనలేదు. కొడుకు హత్నూరలో నిద్రపోయినా, పటాన్‌చెరులో కిరాయికున్నా, దుబాయిలో ఉన్నా, ఆ వాక్యం ప్రకారం ఆయన తండ్రికి కొడుకే. అంటే మన భాయ్ కొడుకును బయటికి పంపింది శుద్ధ దండుగ. ఆ పిల్లవాడు తాత గుండీలు పెట్టకుండా పోయిన ఆరు నెలలకూ లెక్కలో ఒక్క పైసా విలువ లేదు.

అలాగని ఇంట్లో ఎవరున్నారన్నది అసలు లెక్కకు రాదని కాదు. అది ఇంకోచోట వస్తుంది. 2014 ఆగస్టు 19న, ఒక్కరోజులో, సమగ్ర కుటుంబ సర్వే చేశారు గుర్తున్నదా? బస్సులు కూడా దొరకలేదు ఆ రోజు, అందరూ ఊళ్లకు పరుగెత్తారు. ఒక పొయ్యి మీద వండుకునేవారంతా ఒక కుటుంబమని రాశారు. విచారణలో ఆ వివరాలు చూశారు. తరువాత రేషన్ కార్డు. తెల్లకార్డు బదులు వచ్చిన ఆహార భద్రత కార్డుకు పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు ఆదాయ పరిమితి. మన భాయ్ కొడుకు జీతం 13,500ను పన్నెండు పెట్టి గుణించండి. లక్షా అరవై రెండు వేలు. ఒక్క కుర్రవాడి ఫ్యాక్టరీ జీతంతో ఇంటిల్లిపాదీ గీత దాటిపోయారు. ఇంట్లో తినేవారు ఎందరని ఆ గీత అడగదు. పైగా చాలా ఏళ్లు కొత్త కార్డులు సరిగా ఇవ్వకపోవటం వల్ల, పెళ్లై పిల్లలున్న కొడుకులు కూడా తండ్రి కార్డులోనే ఉండిపోయారు. 2025లో కొత్త కార్డులు ఇవ్వటం మొదలయ్యాకనే చాలామందికి విడి కార్డులు వచ్చాయి. నిజంగా వేరు పడ్డవారు, వేరు పొయ్యి పెట్టుకున్నవారు తప్పక కార్డు విడదీసుకోండి. అది మీ హక్కు. అయితే ఒకే పొయ్యి మీద వండుకుంటూ కాగితం మీద వేరు అని రాయించుకోవటానికి నన్ను కలం పట్టమని అడగవద్దు. నేను రాయను. విచారణలో బయటపడితే ఆ తండ్రి మాట రేపు ఎవరూ నమ్మరు, నిజం చెప్పినా నమ్మరు.

బండి విషయమై ఒక చిన్న మాట. ఆటోకు మూడు చక్రాలు. రూల్ నాలుగు చక్రాలంటుంది. మన పిల్లలు ఫైనాన్సు మీద ట్రాలీ కొంటున్నారు, ఆరేళ్లు కిస్తులు కడుతున్నారు. బండి నిజానికి ఫైనాన్సు కంపెనీది, కాని కాగితం మీద అది నాలుగు చక్రాల ఆస్తి. ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తున్నారో కొనేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వికలాంగుడైన తండ్రి పేరు మీద లోను తీయటం మటుకు ఘోరమైన తెలివితక్కువ.

ఇటువంటి లెక్క మన దగ్గరే పుట్టిందనుకోవద్దు. 1931లో ఇంగ్లాండులో నిరుద్యోగ భృతికి మీన్స్ టెస్ట్ అని ఒకటి తెచ్చారు. అధికారి ఇంటికి వచ్చి, ఇంట్లో సంపాదించే కొడుకులు, కూతుళ్లు ఎందరని అడిగి, వారి జీతం చూసి తండ్రి భృతిలో కోత పెట్టేవాడు. ఏమైంది? కొడుకులు, కూతుళ్లు ఇల్లు వదిలి ఎక్కడో కిరాయి గదుల్లో చేరారు. తండ్రి కూతురి సంపాదన మీద పడి తినవలసి వచ్చింది, ఇళ్లలో మాటా మాటా పెరిగింది. జనం పదేళ్లు దాన్ని తిట్టిపోశారు. చివరకు 1941లో, యుద్ధం నడుస్తుండగానే, ఇంటిల్లిపాదినీ కలిపి లెక్కించే ఆ పద్ధతిని చట్టం చేసి తీసేశారు. తెల్లదొరల ఇంట్లో జరిగింది, తొంభై ఏళ్ల తరువాత మన హత్నూరలో జరిగింది, ఒకటే కథ. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2019 తరువాత కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు పది వేలు, పట్నంలో పన్నెండు వేలు దాటరాదని, కరెంటు వాడకం 300 యూనిట్లు దాటరాదని వడపోత పెట్టారు. అక్కడ 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 చేశారు. డబ్బు పెంచటమూ జరిగింది, ఇంట్లోవారిని లెక్కపెట్టటమూ జరిగింది.

సర్కారు వైపు నుంచి కూడా ఒక మాట అనాలి గదా. ప్రజల డబ్బు, ముందు ఏ దిక్కూ లేనివారికి పోవాలి. ఇద్దరు కొడుకులు పెద్ద కంపెనీలో ఇంజనీర్లుగా ఉండి, మేడ కట్టుకున్నాయన వచ్చి నా దగ్గర పింఛను అర్జీ రాయమన్న రోజులున్నాయి. నాకే కోపం వచ్చింది. కాబట్టి లెక్క చూడవద్దని నేను అనను. ఇంజనీరునూ, కాంట్రాక్టు కూలీనీ ఒకే గాటన కట్టటం అన్యాయమంటాను. ఇంకొకటి, వైకల్యం ఇంటిది కాదు, మనిషిది. మన భాయ్ ఒకరోజు నాతో అన్నాడు: "నా కొడుకు పనికి పోతే నాకు చెయ్యి మొలుస్తదా సాబ్?" దీనికి నా దగ్గర జవాబు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా పింఛను గురించి చెప్పేటప్పుడు వికలాంగ వ్యక్తి గురించే చెబుతుంది, మామూలు వారికిచ్చే సాయం కంటే కనీసం నాలుగో వంతు ఎక్కువ ఉండాలంటుంది. కాని ఆదాయ పరిమితి పెట్టుకునే అధికారం ప్రభుత్వాలకే వదిలింది. చిక్కంతా అక్కడే.

కేంద్రానిది ఇందిరాగాంధీ పేరు మీద 2009లో మొదలైన వికలాంగ పింఛను ఒకటున్నది. ఆమె మన మెదక్ నుంచే 1980లో లోక్‌సభకు గెలిచారు, ఆ ఎన్నికల సభలు చూసిన పెద్దలు ముందు వరసలో ఉన్నారు. ఆ పింఛనుకు 80 శాతం వైకల్యం ఉండాలి, దారిద్ర్య రేఖకు దిగువ కుటుంబం కావాలి, ఇచ్చేది 300 రూపాయలు. దాని మీద ఎక్కువ మాట్లాడను.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న దానికి వస్తున్నాను. అమ్మలు కూడా శ్రద్ధగా వినాలి, ఎందుకంటే కాగితాలు దాచేది మీరే.

సర్కారు దయతో ఇచ్చే ఆసరా వేరు, మన చెమటలోంచి కోసుకున్న చందాతో వచ్చే హక్కు వేరు. మొదటిదానిలో కొడుకు జీతం చూస్తారు. రెండోదానిలో కొడుకులు పదిమంది ఉన్నా, వారు కలెక్టర్లైనా అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీలో పనిచేస్తూ దెబ్బతిన్నవాడికి ఈఎస్ఐలో శాశ్వత అంగవైకల్య భృతి ఉన్నది. 1948 నాటి చట్టం అది. ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. నెలకు 21 వేల వరకు జీతమున్నవారు దీని కిందికి వస్తారు. కాంట్రాక్టు కూలీ కూడా వస్తాడు.

లెక్క చెబుతాను. రోజు కూలి సగటున 500 అనుకోండి. అందులో 90 శాతం, అంటే 450, పూర్తి వైకల్యానికి రోజుకు ఇచ్చే రేటు. బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం నష్టమని చట్టంలో పట్టిక ఉన్నది. ఒక చేతికి బొటనవేలు కాక మిగిలిన నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. బొటనవేలు సంగతే చూద్దాం. 450లో 30 శాతం 135 రూపాయలు. నెలకు నాలుగు వేల యాభై. ఆసరా పింఛనుకు ఇంచుమించు సమానం! అదీ బతికున్నంత కాలం, మెడికల్ బోర్డు శాతం ఖాయం చేసిన మీదట. కోర్టు జప్తు కూడా దానిమీద నడవదు.

ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడే చోటు ఒకటున్నది. సదరం శాతం వేరు, ఈఎస్ఐ మెడికల్ బోర్డు శాతం వేరు. సదరంలో 40 రాలేదని ఇంటికి వచ్చి పడుకున్నవాడికి ఈఎస్ఐలో 20 శాతానికైనా భృతి రావచ్చు. ఒకటి చూపించి రెండోది అడగటం కుదరదు, రెండు చోట్లా వేర్వేరుగా హాజరు కావాలి.

ఈఎస్ఐ వర్తించని చోట దెబ్బతగిలితే యజమాని ఒకేసారి నష్టపరిహారం ఇవ్వాలి. 1923 నాటి చట్టం ఇది, లెక్క పద్ధతి ఇప్పటికీ అదే. పూర్తి వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. 45 ఏళ్లవాడికి ఆ అంకె 169.44. జీతం 15 వేలుగా తీసుకుంటే పదిహేను లక్షల చిల్లర. బొటనవేలు పోయినవాడికి అందులో 30 శాతం, అంటే నాలుగున్నర లక్షల పైన. మన భాయ్‌కి కాంట్రాక్టరు చేతిలో పెట్టింది ఇరవై వేలు. 2012లో లెక్కకు తీసుకునే జీతం తక్కువే, అయినా ఆ ఇరవై వేలకు, చట్టం ఇమ్మన్నదానికి పొంతన ఎక్కడ? ఆ రోజు ఆయన పక్కన నిలబడి ప్రమాదం రిపోర్టు రాయించేవాడు ఒక్కడుంటే, ఇవాళ కొడుకు జీతం గురించి ఎవరి ముందరా నిలబడవలసిన పని ఉండేది కాదు. నేను అప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నాను. ఆసుపత్రికి పండ్లు తీసుకొని పోయి చూసి వచ్చాను. రిపోర్టు సంగతి నా నోట రాలేదు, అప్పుడు నాకూ తెలియదు.

అందుకని యువకులకు నా మనవి. చేరిన రోజే ఈఎస్ఐ నంబరు అడగండి. జీతం నుంచి ముప్పావు శాతం కోస్తున్నారా లేదా స్లిప్పులో చూడండి. దెబ్బతగిలిన రోజే ప్రమాదం రిపోర్టు పంపించమని అడగండి, నకలు తీసుకోండి. మేనేజరు "కేసు వద్దు, మేము చూసుకుంటాం" అంటే, చాలా సంతోషం సార్, రిపోర్టు కూడా పంపండి అని మర్యాదగా అనండి. భృతికి దరఖాస్తు ఏడాది దాటనీయవద్దు.

ఇంకో సంగతి. కొడుకు ప్రైవేటు ఉద్యోగంలో చేరితే తండ్రి పింఛనుకు అడ్డమని ఏడుస్తాం. అదే ఉద్యోగంలో తండ్రికి ఒక లాభం దాగి ఉన్నది, దాన్ని ఎవరూ అందుకోరు. ఈఎస్ఐలో ఉన్న కొడుకు తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులను తన కార్డులో కుటుంబంగా రాయించవచ్చు. తల్లిదండ్రుల ఆదాయానికి ఒక పరిమితి ఉన్నది, అది ఆసరా పింఛను కంటే పైనే ఉన్నది గనుక పింఛను వచ్చేవారైనా భయపడనక్కరలేదు. అప్పుడు రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. మా వరండాకు వచ్చిన పిల్లలను అడిగాను. పెళ్లి అయిన వారంలోనే భార్య పేరు ఎక్కించినవారున్నారు, తల్లి పేరు ఎక్కించినవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. కోడళ్లు నవ్వుతున్నారు పరదా అవతల, నేను మీ మీద చాడీ చెప్పటం లేదమ్మా.

కొడుకు సంపాదిస్తూ కూడా తండ్రికి పెట్టకపోతే? అదీ జరుగుతున్నది, దాచి ప్రయోజనం లేదు. కొడుకు పేరు చెప్పి దఫ్తరులో పింఛను లేదన్నారు, ఆ కొడుకు పేరుకే కొడుకు. అటువంటి తండ్రి రెండు వైపులా చెడ్డాడు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పది వేల వరకు ఇప్పించే అధికారం ఉన్నది. అరవై ఏళ్లు నిండాలని చాలామంది అనుకుంటారు. తల్లీ తండ్రీ అయితే ఏ వయసులోనైనా అర్జీ చెల్లుతుంది. మన షరీయత్‌లో కూడా పేద తల్లిదండ్రుల పోషణ సంపాదించే సంతానం మీద బాధ్యతే. అందుకనే కొడుకు తన జకాత్‌ను తండ్రికి ఇచ్చి చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. అది జకాత్ కాదు, బాకీ. బనీ ఇస్రాయీల్ సూరాలో తల్లిదండ్రుల గురించి ఏమున్నదో ఇమాం సాహెబ్ గారు ఎన్నో ఖుత్బాలలో చెప్పారు, నేను వేరే చెప్పనవసరం లేదు.

ఇక మన ఇంటి సంగతి. కమిటీ సభ్యులు నన్ను క్షమించాలి.

రంజాన్‌లో మనం రేషన్ కిట్లు, జకాత్ సొమ్ము పంచుతాం. దానికి ఒక ఫారం ఉన్నది. అందులో "ఇంట్లో సంపాదించే కొడుకులు ఎందరు?" అని ప్రశ్న ఉన్నది. ఒకరు అని రాస్తే కాగితం పక్కకు పోతుంది. సర్కారు దఫ్తరులో ఏ గీత గీశారని మనం బాధపడుతున్నామో, అదే గీత మన బీరువాలో ఉన్నది! ఆ ఫారం తయారుచేసినవారిలో నేనూ ఉన్నాను. అప్పుడు అది న్యాయంగానే తోచింది. మన భాయ్ పోయిన రంజాన్‌లో ఆ ప్రశ్న దగ్గర ఆగి, నా వైపు చూసి, ఫారం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. అడగకుండా వెళ్లిపోయాడు.

నేను ప్రతిపాదించేది ఇది. ఆ ప్రశ్న కొట్టివేసి, "మీ చేతికి నెలకు ఎంత వస్తుంది, మందులకు ఎంత పోతుంది" అని రాద్దాం. ఎవరికి జకాత్ చెల్లుతుందో ఫత్వా చెప్పవలసింది ఉలమా, మన కార్యదర్శి గారూ కాదు, నేనూ కాదు. కొడుకు ఇంట్లో ఉన్నంత మాత్రాన తండ్రి చేతిలో పైసా ఉన్నట్టు కాదని మటుకు ఒప్పుకుందాం. అన్నం కోడలు పెడుతుంది, అల్‌హందులిల్లాహ్. కాని చాయ్‌కి పది రూపాయలు, మనుమడి చేతిలో బిస్కెట్ పొట్లం, అల్లుడు వచ్చినరోజు ఒక కిలో మాంసం, వీటికి చెయ్యి చాచాలి. చెయ్యి పోయినవాడికి చెయ్యి చాచటం ఎంత కష్టమో ఆలోచించండి. 4,016 రూపాయల పింఛను ఆ మనిషికి బియ్యం డబ్బు కాదు, ఇంట్లో తలెత్తుకొని కూర్చునే డబ్బు. కొందరు కోడళ్లే నాతో అన్నారు, మామగారికి పింఛను వచ్చే నెలల్లో ఇంట్లో గొడవలుండవని.

మన భాయ్ అర్జీ ఎక్కడున్నదో చెప్పి ముగిస్తాను. కిందటి నెల ఒక సోమవారం సంగారెడ్డి కలెక్టరేటులో ప్రజావాణికి ఆయనను తీసుకొని పోయాను. కొడుకు మూడు నెలల జీతం స్లిప్పులు, కాంట్రాక్టు కాగితం, ఇల్లు గడిచే ఖర్చు, ఇంట్లో తినేవారి పేర్లు, సదరం సర్టిఫికెట్, అన్నీ జతచేశాం. కొడుకు వేరుగా ఉన్నాడని రాయలేదు. కలిసే ఉన్నాడని, ఆ కాంట్రాక్టు ఎప్పుడు పోతుందో తెలియదని రాశాం. ఏ రూలు కింద తిరస్కరించారో ఆ ఉత్తర్వు నకలు ఇప్పించమని కూడా అడిగాం. రసీదు ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు.

కొడుకు కిరాయి గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాడు. తల్లిదండ్రుల ఇద్దరి పేర్లూ ఈఎస్ఐ కార్డులో ఎక్కించుకున్నాడు.

వచ్చే శుక్రవారం జుమా తరువాత వరండాలో ఉంటాను. సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, ఆధార్, రేషన్ కార్డు, కొడుకుల జీతం స్లిప్పులు తెచ్చుకోండి. 2012 నుంచి ఇప్పటిదాకా ఫ్యాక్టరీలో దెబ్బతగిలినవారు ఎవరైనా, ఎంత చిన్న దెబ్బయినా, పేరు రాయించండి, ఒక రిజిస్టరు తెరుస్తున్నాం. అమ్మలు ఇంట్లో మగవారిని పంపటానికి వీలుకాకపోతే గురువారం అసర్ తరువాత సొసైటీ గదికి రావచ్చు, అక్కడ మా ఇంటావిడ కూడా ఉంటుంది.

వస్సలాం.